టోపీ పెట్టెతో టి.వి. చేసిన బెయర్డ్

మన హాస్టల్లో టి.వి. అంటే ఇష్టం లేనివాళ్ళు ఎవరూ లేరు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు ముందు వరసలో చోటు కోసం ఎంత తోపులాట జరుగుతుందో వార్డెన్ గారికి కూడా తెలుసు. కాని అలాంటి పెట్టెలో మొట్టమొదట మనిషి ముఖం తెప్పించింది ఎవరు అని అడిగితే మనలో చాలామంది తల గోక్కుంటాం. రేడియో అనగానే మార్కోనీ అంటాం, బల్బు అనగానే ఎడిసన్ అంటాం. టి.వి. అనగానే గుర్తు రావలసిన పేరు జాన్ లోగీ బెయర్డ్. అందుకే ఈసారి గోడ పత్రికకు ఆయన జీవితం రాస్తున్నాను.

బెయర్డ్ 1888 ఆగస్టు నెలలో స్కాట్లండ్‌లోని హెలెన్స్‌బరో అనే ఊళ్ళో పుట్టాడు. క్లైడ్ నది సముద్రంలో కలిసేచోట ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. తండ్రి చర్చి పాస్టరు. నలుగురు పిల్లల్లో ఈయనే ఆఖరివాడు. చిన్నప్పుడే పెద్ద జబ్బు చేసింది. ప్రాణం దక్కింది గాని ఆరోగ్యం మాత్రం జీవితాంతం అంతంత మాత్రమే. చలికాలం వచ్చిందంటే చాలు, జలుబు పట్టుకుని మంచం దిగనిచ్చేది కాదు.

ఒంట్లో బలం లేకపోయినా బుర్ర మాత్రం ఊరుకునేది కాదు. బడికి వెళ్ళే వయసులోనే తన ఇంటి నుంచి స్నేహితుల ఇళ్ళకు తీగలు లాగి సొంతంగా టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టాడు. ఒక గాలివాన రాత్రి ఆ తీగ కిందికి జారింది. దారిన పోతున్న గుర్రబ్బండి తోలేవాడికి తగిలి, పాపం ఆయన బండి మీద నుంచి పడిపోయాడు. దాంతో ఎక్స్ఛేంజి మూతపడింది. అయినా మానలేదు, ఇంటికి కరెంటు దీపాలు పెట్టాడు. తుప్పు పట్టని గాజు రేజరు చేసి తన ముఖమే కోసుకున్నాడు. బూట్లలో బెలూన్లు పెట్టుకుని మెత్తగా నడవబోతే బెలూను టప్‌మని పేలింది. ఇవి చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు.

గ్లాస్గోలో టెక్నికల్ కాలేజీలో చదివాడు. తర్వాత బి.బి.సి.కి పెద్ద అధికారి అయిన జాన్ రీత్ కూడా అదే కాలేజీలో చదివాడు. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది. బెయర్డ్ ఆపైన గ్లాస్గో యూనివర్సిటీలో చేరాడు గాని, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి డిగ్రీ సగంలోనే ఆగిపోయింది. సైన్యంలో చేరతానని వెళ్తే ఆరోగ్యం బాగాలేదని వెనక్కి పంపారు. కరెంటు కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ బొగ్గులోకి పెద్ద కరెంటు పంపి వజ్రాలు చేయాలని చూస్తే వజ్రాలు రాలేదు సరికదా, గ్లాస్గోలో కొంత భాగానికి కరెంటే పోయింది.

తర్వాత వ్యాపారం మొదలుపెట్టాడు. తన కాళ్ళు ఎప్పుడూ చల్లబడిపోతాయి కాబట్టి చెమ్మ పట్టని మేజోళ్ళు తయారు చేసి అమ్మాడు. కాస్త డబ్బు వచ్చింది. ఎండ దేశమైతే ఒంటికి మంచిదని ఓడెక్కి ట్రినిడాడ్ వెళ్ళి, అక్కడి పండ్లతో జామ్ ఫ్యాక్టరీ పెట్టాడు. పంచదార వాసనకు పురుగులు దండులా వచ్చిపడ్డాయి. జామూ పోయింది, డబ్బూ పోయింది. లండన్ తిరిగొచ్చి సబ్బుల వ్యాపారం చేస్తే మళ్ళీ జబ్బు. చివరికి 1923 ప్రాంతంలో హేస్టింగ్స్ అనే సముద్రతీరపు ఊరికి విశ్రాంతి కోసం చేరాడు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. చేతిలో ఉద్యోగం లేదు, డబ్బు లేదు. అక్కడే టి.వి. మొదలైంది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీగలోంచి పంపలేం. ముక్కలు ముక్కలుగా పంపాలి. దీనికి ఒక ఉపాయాన్ని జర్మనీలో పాల్ నిప్కో 1884లోనే ఆలోచించాడు. ఒక గుండ్రటి పళ్ళెం తీసుకుని, నత్తగుల్ల మీది చుట్టులాగా వరసగా రంధ్రాలు పెట్టాలి. పళ్ళెం గిర్రున తిరిగితే ఒక్కొక్క రంధ్రం బొమ్మ మీద ఒక్కొక్క గీతను చూస్తుంది. ఆ గీతలోని వెలుగునీడల్ని ఒక సెల్ కరెంటుగా మారుస్తుంది. అవతల అలాంటిదే ఇంకో పళ్ళెం అదే వేగంతో తిరుగుతూ ఆ కరెంటును మళ్ళీ వెలుగుగా చూపిస్తుంది. చీకట్లో కొరివి పట్టుకుని గిరగిరా తిప్పితే మనకు నిప్పు చక్రం కనిపిస్తుంది కదా. నిజానికి అక్కడ ఉన్నది ఒక్క నిప్పు చుక్కే. మన కన్ను ఆ చుక్కలన్నిటినీ కలిపేస్తుంది. టి.వి. రహస్యం కూడా అదే.

నిప్కో ఉపాయం కాగితం మీద ఉండిపోయింది. బెయర్డ్ దాన్ని చేత్తో చేసి చూపించాలనుకున్నాడు. సామాన్లు ఏమిటో వినండి. ఒక పాత టోపీ పెట్టె, టీ పొడి వచ్చే చెక్క పెట్టె, కత్తెర, పెద్ద కుట్టు సూదులు, సైకిలు దీపం అద్దాలు, వాటిని అతికించడానికి లక్క, జిగురు. వీటితో చేసిన యంత్రం ఒక శిలువ ఆకారం నీడను కొద్ది దూరం పంపగలిగింది. 1924లో ఒకరోజు పెద్ద వోల్టేజి కరెంటు కొట్టి చెయ్యి కాలింది. ప్రాణం పోవలసింది, బతికాడు. ఇంటి యజమాని మాత్రం భయపడి గది ఖాళీ చేయమన్నాడు.

అక్కడి నుంచి లండన్‌లో సోహో పేటకు, ఫ్రిత్ వీధి 22వ నంబరు మేడ మీదికి మకాం మార్చాడు. 1925లో సెల్‌ఫ్రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో మూడు వారాలు తన యంత్రాన్ని జనానికి చూపించాడు. కాని వచ్చేవి నీడలే, ముఖం రావడం లేదు. ప్రయోగానికి స్టూకీ బిల్ అనే మాట్లాడే బొమ్మ తలను వాడేవాడు. ఎందుకంటే ఆ దీపాల వేడి మనిషి తట్టుకోలేడు. బొమ్మకే రంగు పగిలి, జుట్టు కమిలింది.

1925 అక్టోబరు 2న ఆ బొమ్మ ముఖం కళ్ళు, ముక్కు, నోటితో సహా తెర మీద కనిపించింది. బెయర్డ్ ఆనందం పట్టలేక కింది అంతస్తుకు పరుగెత్తి, అక్కడి ఆఫీసులో పనిచేసే విలియం టేంటన్ అనే 20 ఏళ్ళ కుర్రాణ్ణి లాక్కొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. పక్క గదిలోకి వెళ్ళి చూస్తే తెర ఖాళీ! ఆ అబ్బాయి వేడికి భయపడి వెనక్కి జరిగాడు. చేతిలో అర క్రౌను డబ్బులు పెడితేగాని మళ్ళీ ముందుకు రాలేదు. అలా టి.వి.లో కనిపించిన మొదటి మనిషి ఆ ఆఫీసు కుర్రాడు. రాజు కాదు, మంత్రి కాదు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే.

1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు ఆ మేడ మెట్లెక్కి వచ్చి టి.వి. చూశారు. మన గణతంత్ర దినం తారీఖు కాబట్టి ఇది పరీక్షకు కూడా సులువుగా గుర్తుంటుంది. 1927లో టెలిఫోన్ తీగ మీద లండన్ నుంచి గ్లాస్గోకు, అంటే సుమారు 700 కిలోమీటర్లు బొమ్మ పంపాడు. 1928లో అట్లాంటిక్ సముద్రం దాటించి అమెరికాకు పంపాడు. అదే ఏడాది రంగుల బొమ్మ కూడా చూపించాడు.

బి.బి.సి. పెద్దలకు మాత్రం నమ్మకం కుదరలేదు. అప్పుడు అక్కడ పెద్ద అధికారి ఇందాక చెప్పిన జాన్ రీతే. ఒకే కాలేజీవాళ్ళు కదా అని సాయం చేస్తాడనుకుంటాం. కాని రీత్‌కు టి.వి. మీద మోజు లేదు. ఎలాగో 1929 సెప్టెంబరు 30న బి.బి.సి. ట్రాన్స్‌మిటర్ నుంచి బెయర్డ్ ప్రసారాలు మొదలయ్యాయి. ఒకటే ట్రాన్స్‌మిటర్ కాబట్టి మొదట్లో కొంచెంసేపు బొమ్మ, తర్వాత కొంచెంసేపు మాట. రెండూ కలిసి వచ్చింది 1930లో. ఆ ఏడాదే బ్రిటన్‌లో మొదటి టి.వి. నాటకం వేశారు.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. బెయర్డ్ బొమ్మలో గీతలు 30 మాత్రమే. అంతలో ఇ.ఎం.ఐ. కంపెనీలో ఐజాక్ షోన్‌బెర్గ్ నాయకత్వంలో పెద్ద ఇంజనీర్ల జట్టు తిరిగే పళ్ళెం లేకుండా, పూర్తిగా ఎలక్ట్రాన్లతో పనిచేసే కెమెరా చేసింది. అందులో 405 గీతలు. బెయర్డ్ కంపెనీ 240 గీతల దాకా వచ్చింది. 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బి.బి.సి. రోజువారీ టి.వి. మొదలైంది. రెండు పద్ధతులకూ వంతులు పెట్టారు. మొదట ఎవరు అని నాణెం ఎగరేస్తే బెయర్డ్ కంపెనీ గెలిచింది. నాణెం గెలిచింది గాని యంత్రం గెలవలేదు. బెయర్డ్ పద్ధతిలో ముందు ఫిల్ము తీసి, అప్పటికప్పుడు మందుల్లో కడిగి, తర్వాత ప్రసారం చేయాలి. కెమెరా కదలదు. అవతలి కెమెరా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఇది చాలదన్నట్టు నవంబరు 30 రాత్రి క్రిస్టల్ ప్యాలెస్ తగలబడి, అందులో ఉన్న బెయర్డ్ కంపెనీ లేబరేటరీలు బూడిదయ్యాయి. 1937 ఫిబ్రవరిలో ఆయన పద్ధతి వద్దని తేల్చేశారు.

మరొకరైతే అక్కడితో వదిలేసేవారు. బెయర్డ్ తన ఇంట్లోనే సొంత డబ్బుతో పని సాగించాడు. 1939 సెప్టెంబరు 1న యుద్ధం వల్ల బి.బి.సి. టి.వి. ఆగిపోయింది. బాంబులు పడుతున్న రోజుల్లో కూడా ఆయన ప్రయోగాలు ఆగలేదు. ఈసారి పళ్ళెం పక్కన పెట్టి, 1944లో పూర్తిగా ఎలక్ట్రానిక్ రంగుల పిక్చర్ ట్యూబ్ చూపించాడు. 1946 జూన్ 7న బి.బి.సి. టి.వి. మళ్ళీ మొదలైంది. సరిగ్గా వారానికి, జూన్ 14న, బెయర్డ్ బెక్స్‌హిల్ అనే ఊళ్ళో 57 ఏళ్ళకే కన్నుమూశాడు. సొంత ఊరు హెలెన్స్‌బరోలోనే సమాధి చేశారు.

ఆయన పోయాక టి.వి. బ్రిటన్‌ను ఎలా మార్చిందో చూడండి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని సుమారు 2 కోట్ల మంది టి.వి.లో చూశారు. చాలామంది పక్కింట్లో కూర్చుని చూశారు. 1971 నుంచి ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు బి.బి.సి.లో వచ్చాయి. పని చేసుకుంటూనే జనం డిగ్రీ చదువుకున్నారు. మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టి.వి. మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు పాఠాలు, వ్యవసాయం కార్యక్రమాలు పంపారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి, తెలుగులోనే మాట్లాడారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రోజు ఏ టి.వి.లోనూ బెయర్డ్ పళ్ళెం లేదు. అమెరికాలో ఫార్న్స్‌వర్త్, జ్వొరికిన్ లాంటివాళ్ళు, ఇంగ్లండ్‌లో ఇ.ఎం.ఐ. జట్టు చూపిన దారే నిలబడింది. మరి బెయర్డ్ ఓడిపోయినట్టేనా? ఈ విషయం మీద మా గదిలో రెండు రోజులు వాదన జరిగింది. కొందరు ఓడిపోయాడన్నారు. నా అభిప్రాయం వేరు. దూరాన ఉన్న మనిషి ముఖం ఇక్కడ కనబడుతుంది అని ముందు ఎవరో ఒకరు చూపించాలి. చూపించాకే పెద్ద కంపెనీలు డబ్బు పెట్టాయి, బి.బి.సి. తలుపు తీసింది. ఆ పని టోపీ పెట్టెతో అయింది.

కాని ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. టోపీ పెట్టెతో మొదలుపెట్టవచ్చు గాని చివరిదాకా వెళ్ళలేం. దానికి మంచి లేబరేటరీ, డబ్బు, పదిమంది జట్టు కావాలి. పాత పద్ధతి పనికిరాదని తెలిసినప్పుడు వదిలే ధైర్యం కూడా కావాలి. బెయర్డ్ పళ్ళేన్ని ఆలస్యంగా వదిలాడు. అందుకే మిత్రులారా, సామాన్లు లేవని మనం ప్రయోగం మానకూడదు. అలాగే మన సైన్సు గదికి సామాన్లు కావాలని అడగడమూ మానకూడదు. ఈ రెండో మాట వార్డెన్ గారు కూడా చదువుతారని ఆశిస్తున్నాను.