రాళ్లమ్మిన మేరీ ఆనింగ్

ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అని ఓ చిన్న ఊరు. మేరీ ఆనింగ్ 1799లో అక్కడే పుట్టింది. తండ్రి వడ్రంగి. తీరిక దొరికితే పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డునున్న కొండచరియల్లో శిలాజాలు ఏరేవాడు. విహారానికి వచ్చినవాళ్లకు వాటిని అమ్మేవాడు. 1810లో ఆయన పోయాడు. ఇంటికి మిగిలింది అప్పులు. 11 ఏళ్ల మేరీకి ఇక ఆ రాళ్లే బతుకుతెరువయ్యాయి.

ఆమెకు రోజూ దొరికేవి ఎక్కువగా అమ్మొనైట్లు, బెలెమ్నైట్లు. రెండూ ఎప్పుడో అంతరించిపోయిన వెన్నెముక లేని సముద్రజీవులు. అమ్మొనైట్ మనకు మరీ కొత్తదేం కాదు. మన ఇళ్లలో పూజించే చాలా సాలగ్రామాల్లో కనిపించే చక్రం దానిదే. బెలెమ్నైట్ చూడ్డానికి తుపాకి తూటాలా ఉంటుంది. అది ఇప్పటి స్క్విడ్‌కు చుట్టం.

చలికాలపు తుఫాన్లకు చరియలు విరిగిపడితే కొత్త శిలాజాలు బయటపడతాయి. అలలు లాక్కుపోకముందే వాటిని ఏరుకోవాలి. 1833లో అలా విరిగిపడిన చరియ కింద ఆమె పెంపుడు కుక్క ట్రే నలిగి చచ్చిపోయింది. ఆమె మాత్రం వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అయినా పని మానలేదు. మానితే ఇల్లు గడవదు.

మేరీకి బడిచదువు అంతంతమాత్రమే. శాస్త్రవేత్తల వ్యాసాలు దొరికితే బొమ్మలతో సహా చేత్తో ఎత్తిరాసుకునేది. చేపల్ని కోసి లోపలి నిర్మాణం పరిశీలించేది. 1826లో ఒక బెలెమ్నైట్ లోపల ఎండిపోయిన సిరా సంచిని గుర్తించింది. స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ సిరాను తడిపి, దాంతోనే శిలాజాల బొమ్మలు గీసింది. కోట్ల ఏళ్ల నాటి సిరా మళ్లీ కాగితం మీదికెక్కింది!

మరి ఆమె పేరో? 1823లో ఆమె తవ్వి తీసిన ప్లీసియోసార్ అస్థిపంజరం గురించి మరుసటేడు లండన్ జియలాజికల్ సొసైటీలో కోనిబేర్ వివరించాడు. మేరీ పేరెత్తలేదు. మ్యూజియాల్లోనూ చాలాసార్లు కొని ఇచ్చినవాళ్ల పేరే రాశారు, వెతికి తీసిన మనిషి పేరు రాయలేదు. రాయి అమ్మితేనే పూట గడిచేది. కానీ అమ్మిన రాయితోపాటు ఆమె పేరూ చెయ్యి జారిపోయేది.

1847లో, 47 ఏళ్ల వయసులో, రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. ఆ తర్వాత సొసైటీ అధ్యక్షుడు డి లా బీష్ సభలో ఆమెకు నివాళి చదివాడు. సభ్యులు చందాలేసుకుని ఊరి చర్చిలో ఆమె పేరిట రంగుటద్దాల కిటికీ పెట్టించారు. కానీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకున్నది మాత్రం 1919లోనే. అప్పటికి మేరీ పోయి 72 ఏళ్లు.