రాజ్యం పోయాక పుస్తకాలు పెంచిన రాజు

తంజావూరు మరాఠా రాజు రెండో సర్ఫోజీ 1777లో పుట్టాడు. 1799లో పాలన ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. ఆయనకు మిగిలింది కోట, ఏటా వచ్చే భరణం. ఆ డబ్బుతో, నాయక రాజుల కాలం నుంచీ ఉన్న సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ అచ్చు పుస్తకాలే 4,000కు పైగా కొన్నాడు. కాశీయాత్రలో సంస్కృత ప్రతులు సేకరించాడు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఇన్ని కొత్తవి వచ్చినా పాత తాటాకుల్ని తీసేయలేదు. నాయక రాజులు తెలుగులో రాసిన యక్షగానాలు కూడా అక్కడే భద్రంగా ఉన్నాయి. ఆయన ఇంటి భాష మరాఠీ, ఊరి భాష తమిళం. అయినా మన తెలుగును కాపాడాడు. 1832లో చనిపోయాడు. 1918లో ఆ గ్రంథాలయం అందరిదీ అయింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నేను ఆ తెలుగు ప్రతుల్ని ఒక్కసారైనా చూడాలి.