ఎలుక ఎందుకు ఆగలేదు?

సెల్‌ఫోన్ వదలని పిల్లలను ఓపీకి తీసుకొచ్చే తల్లిదండ్రులు, అందులో అంత ఆనందం ఏముందో అర్థం కావడం లేదంటారు. పిల్లాణ్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే, సరదా ఎప్పుడో పోయిందని, అయినా ఆపలేకపోతున్నానని చెబుతాడు. ఈ చిక్కుముడికి తొలి కొస దొరికింది 1953లో, కెనడాలో, ఒక ఎలుక దగ్గర. దాన్ని పట్టుకున్నది జేమ్స్ ఓల్డ్స్.

ఓల్డ్స్ 1922లో షికాగోలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, తిరిగొచ్చి చదువు పూర్తిచేసి, 1952లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. మనిషి చేత పని చేయించేది ఏమిటన్నది ఆయన ప్రశ్న. జవాబు మెదడులోనే వెతకాలని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చడం అక్కడ పీటర్ మిల్నర్ దగ్గర నేర్చుకున్నారు.

కొత్త చెయ్యి కదా, గురి తప్పింది. మెలకువను నియంత్రించే భాగానికి వెళ్లాల్సిన తీగ సెప్టమ్ దరిదాపులకు చేరింది. ఎలుక ఒక మూలకు వచ్చినప్పుడల్లా ఓల్డ్స్ కొద్దిగా కరెంటు ఇచ్చేవారు. అది బెదిరి పారిపోలేదు. మళ్లీ మళ్లీ ఆ మూలకే వచ్చింది. ఇంకొకరైతే ఆ ఎలుకను పక్కన పడేసేవారేమో! ఓల్డ్స్, మిల్నర్ కలిసి ఎలుకలకే మీట అప్పగించారు. నొక్కితే కరెంటు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని గంటకు వేలసార్లు నొక్కాయి. ఆకలితో ఉన్నా మేత వైపు చూడలేదు. సొమ్మసిల్లే దాకా నొక్కినవీ ఉన్నాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. రెండేళ్ల తర్వాత ఓల్డ్స్ ఆ భాగాలను ఆనంద కేంద్రాలని పిలిచారు.

నా ఉద్దేశంలో ఆ పేరే చాలాకాలం పక్కదారి పట్టించింది. ఈ దారిలో ముఖ్యంగా పనిచేసే డోపమైన్‌ను తీసేసినా, నోట్లో తీపి పడితే ఎలుకలు ఇష్టంగానే చప్పరించాయని తర్వాతి పరిశోధకులు చూశారు. దాని కోసం వెళ్లడమే మానేశాయి. అంటే డోపమైన్ ప్రధానంగా పుట్టించేది తహతహ. ఓపీలో పిల్లాడు చెప్పిందీ ఇదే.

టీనేజీలో ఈ తహతహ జోరు మీద ఉంటుంది. దానికి పగ్గం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. పైగా ఎలుకకు నొక్కిన ప్రతిసారీ కరెంటు వచ్చేది. రీల్స్‌లో తర్వాతది నచ్చుతుందో లేదో తెలియదు, ఆ తెలియకపోవడమే వేలిని ఆగనివ్వదు. అందుకే తిట్లకన్నా మీటను దూరం చేయడం మేలు. నోటిఫికేషన్లు ఆపండి. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టండి, నాన్నగారిది కూడా!

ఫోన్ చూసే ప్రతి పిల్లాడికీ వ్యసనం ఉన్నట్టు కాదు. నిద్ర, చదువు, స్నేహాలు నెలల తరబడి దెబ్బతింటుంటే మాత్రం సైకియాట్రిస్టుకు చూపించాలి. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఓల్డ్స్ 1969లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు మారి, జ్ఞాపకశక్తి మీద పనిచేశారు. 1976 ఆగస్టులో ఈతకు దిగి ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. తీగ అమర్చడం నేర్పిన మిల్నర్ మాత్రం 2018 దాకా, ఫోన్లు అందరి చేతుల్లోకి వచ్చే వరకూ జీవించారు.