నింద మోసిన నవాబు – వాజిద్ అలీ షా

లక్నో చివరి నవాబు వాజిద్ అలీ షాను గురించి ఒక హాస్యకథ చాలకాలంగా ప్రచారంలో ఉన్నది. 1857లో ఆంగ్ల సైనికులు రాజప్రాసాదంలో ప్రవేశించగా పరివారమంతా పారిపోయిందట. పాదరక్షలు తొడిగే సేవకుడు లేనందున నవాబు మాత్రం కదలక కూర్చుండి పట్టుబడినాడట. విన్నవారు నవ్వుకొంటారు. కాని 1857లో ఆయన లక్నోలో లేనే లేడు. అంతకు ఏడాది పూర్వమే రాజ్యం కోల్పోయి కలకత్తా చేరినాడు. తేదీలు చూచినంత మాత్రాన కూలిపోయే ఈ కట్టుకథ ఇంతకాలం ఎట్లా నిలిచింది? దీనికి సమాధానం ఆయన జీవితంలోనే ఉన్నది.

వాజిద్ అలీ షా 1822లో జన్మించాడు. ‘అఖ్తర్’ అనే కలంపేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పినాడు. సంగీత నృత్యాలలో నిష్ణాతుడు. కథక్ నృత్యానికీ ఠుమ్రీ గానానికీ ఆయన ఆస్థానం పుట్టినిల్లు వంటిది. యువరాజుగా ఉన్నపుడే, 1843లో, రాధాకృష్ణుల కథను నాటకంగా మలచి ప్రదర్శింపజేసిన సహృదయుడు. 1847లో సింహాసనం అధిష్ఠించాడు. తొలి రోజులలో స్వయంగా సేనల కవాతులను పర్యవేక్షించేవాడనీ, ప్రజల అర్జీల కొరకు ఊరేగింపులో వెండిపెట్టెలు వెంట నడిపించేవాడనీ చరిత్రకారుడు అబ్దుల్ హలీం షరర్ రచన వలన తెలుస్తున్నది.

అయితే ఆ సింహాసనం అప్పటికే డొల్ల. 1801 నాటి సంధితో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యంలో దాదాపు సగభాగం కాజేసింది. నవాబు స్వంత సైన్యాన్ని తగ్గించి, రక్షణభారం తన చేతిలోకి తీసుకొన్నది. అధికారం రెసిడెంటుది, అపకీర్తి నవాబుది అన్నట్లు పాలన సాగింది. చేతులు కట్టివేసి, ఈత రాదని నిందించిన చందమిది.

1849లో రెసిడెంటుగా వచ్చిన స్లీమన్ రాజ్యమంతటా పర్యటించి, దోపిడీలనూ రైతుల బాధలనూ, నవాబు విలాసాలనూ వివరంగా వ్రాసినాడు. 1854లో వచ్చిన ఔట్రమ్, ఎక్కువగా పాత దస్త్రాల మీదనే ఆధారపడి, ఆ ఆరోపణలనే మరుసటి ఏడు నివేదికగా కూర్చినాడు. గవర్నర్ జనరల్ డల్హౌసీకి కావలసినది అదే. 1853లో హైదరాబాదు నిజాం నుండి బీరారును గైకొన్నవాడు ఈయనే. విశేషమేమనగా, పాలనను చేపట్టవచ్చునన్న స్లీమన్ కూడ రాజ్యాన్ని కలుపుకొనడాన్ని వ్యతిరేకించాడు. ఆయన వ్రాసిన దోషాలను మాత్రం స్వీకరించి, ఆయన ఇచ్చిన సలహాను విడిచిపెట్టినారు.

ఆరోపణలన్నీ అబద్ధాలని అనడం న్యాయం కాదు. నవాబు అంతఃపుర వ్యయం అపారం, వివాహాలు అనేకం, పాలనలో లోపాలు ఉన్నవి. కాని నింద బలమంతా అక్కడే ఉన్నది. శుద్ధ అసత్యాన్ని ఖండించవచ్చు. అర్ధసత్యాన్ని ఖండించడం కష్టం. ఆయన పాట వినిపించారు గాని ఆయన చేతుల సంకెలను చూపలేదు.

1856 ఫిబ్రవరిలో ఔట్రమ్ సంధిపత్రాన్ని ముందుంచి సంతకం చేయమన్నాడు. నవాబు తన తలపాగా తీసి ఔట్రమ్ చేతులలో ఉంచినాడు గాని సంతకం చేయలేదు. రక్తపాతానికి తావివ్వక తన సేనను నిరాయుధం చేసినాడు. ఫిబ్రవరి 7న రాజ్యం పోయింది. ఆరోపణలు లండనులో పార్లమెంటు ముందు పత్రాలుగా వచ్చినపుడు వాటికి సమాధానం సిద్ధపరచి ప్రకటింపజేసినాడు. తల్లి మలికా కిష్వర్ న్యాయం కోరి విక్టోరియా రాణి దేశానికే ప్రయాణమైనది. ఫలితం శూన్యం. ఆమె 1858లో పారిస్‌లో కన్నుమూసింది. వెంట వెళ్ళిన ఆయన సోదరుడు అదే ఏడు లండనులో మరణించాడు.

1857లో తిరుగుబాటు చెలరేగగానే నవాబును కలకత్తా విలియం కోటలో బంధించారు. లక్నోలో ఆయన బేగం హజ్రత్ మహల్ కుమారుని గద్దెపై నిలిపి పోరాడింది. విలాసప్రియమని నిందపడిన ఆ రాజవంశం పక్షాన వేలాది ప్రజలు ఆయుధం పట్టినారు. నివేదికలకు ఆ ప్రజలిచ్చిన సమాధానమిది.

1859లో విడుదలైన నవాబు మటియాబుర్జ్‌లో, ఏటా 12 లక్షల రూపాయల భత్యంతో, మరొక చిన్న లక్నోను నిర్మించుకొన్నాడు. గాయకులు, కవులు, నర్తకులు అక్కడ చేరినారు. 1887లో ఆయన అక్కడనే మరణించాడు.

రాజ్యం తీసుకొన్న కంపెనీ 1858లోనే పాలన కోల్పోయింది. తీసుకొనడానికి అల్లిన నింద మాత్రం పాదరక్షల కథగా మన నోళ్ళలోనే మిగిలింది. పరాయివారు పుట్టించిన అపవాదును మనమే మోస్తున్నాము. విద్యార్థులారా! ఎవరిని గురించియైనా చెడు విన్నపుడు అది నిజమా అని మాత్రమే గాక, దానివలన ఎవరికి లాభం అని కూడ అడగండి. ఆ రెండవ ప్రశ్న ఆనాడు అడిగినవారు కొందరే.