ముగింపు లేని గొలుసు – మైకేల్ ష్వార్ట్స్ జీవిత విశేషాలు

ప్లాస్టిక్ లేని ఇల్లు ఈ రోజుల్లో లేదు. దువ్వెన, పెన్ను, చెప్పుల అడుగు, అన్నీ పాలిమర్లే. ఇంజనుకు బోగీలు తగిలించినట్లు వేలాది చిన్న అణువులు ఒకదానికొకటి తగులుకొని ఏర్పడే పొడవైన గొలుసునే పాలిమర్ అంటారు. ఆ గొలుసును మనిషి తాను కోరిన పొడవులో, కోరిన ఆకారంలో కట్టుకొనే మార్గం చూపిన మహనీయుడు మైకేల్ ష్వార్ట్స్. రసాయన శాస్త్రజ్ఞుల లోకంలో సుప్రసిద్ధుడైన ఆయన జీవితం మన పెన్షనర్లు కూడా తెలుసుకోదగినది.

ష్వార్ట్స్ 1909 జూన్ 9న పోలండులోని బెంజిన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1932లో వార్సా పాలిటెక్నిక్ నుండి కెమికల్ ఇంజనీరింగు పట్టా పొందారు. 1935లో పుట్టిన దేశం విడిచి పాలస్తీనా చేరి, జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో 1942లో డాక్టరేటు సంపాదించారు. 1945లో ఇంగ్లండు వెళ్ళి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పొలాన్యీ వద్ద చేరారు. అప్పటికే డాక్టరేటు ఉన్నా, మళ్ళీ విద్యార్థిగా కూర్చుని 1947లో రెండవ డాక్టరేటు పొందారు. 1952లో అమెరికా వెళ్ళి, న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూస్ అటవీ కళాశాలలో ఆచార్యులుగా చేరారు. నలభై మూడేళ్ళ వయసులో అది ఆయనకు నాలుగో దేశం.

ఆయన పేరు నిలబెట్టిన పని 1956లో వెలువడింది. అంతవరకు పాలిమర్ గొలుసుకు పుట్టుక, ఎదుగుదల, మరణం మూడూ తప్పవని శాస్త్రజ్ఞులు సాధారణంగా భావించేవారు. రెండు గొలుసుల కొసలు ఢీకొంటే రెండూ అక్కడితో ఆగిపోవడం మామూలు. శామ్యూల్ వైస్‌మన్ అనే శాస్త్రజ్ఞునితో జరిగిన సంభాషణ ష్వార్ట్స్‌కు కొత్త దారి చూపింది. సోడియం, నాఫ్తలీన్ కలిపిన ఆకుపచ్చని ద్రావణంలో స్టైరీన్ అనే ద్రవం పోస్తే రంగు వెంటనే ఎర్రగా మారింది. గొలుసులు పెరిగాయి. ప్రతి గొలుసు కొసన రుణ విద్యుదావేశం ఉంది. ఒకే ఆవేశం గలవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కనుక కొసలు ఢీకొని నశించవు. గాలి, తేమ సోకకుండా కాపాడితే స్టైరీన్ అంతా అయిపోయినా ఎరుపు రంగు పోలేదు. మరికొంత స్టైరీన్ పోయగానే అవే గొలుసులు మళ్ళీ పెరగసాగాయి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే అది మూసేసిన ఫైలు కాదు, తరువాతి కాగితం కోసం ఎదురుచూస్తున్న పెండింగు ఫైలు. వీటికి ఆయన సజీవ పాలిమర్లు అని పేరు పెట్టారు.

దీని ప్రయోజనం గొప్పది. మొదలుపెట్టే మందు ఎంత, స్టైరీన్ ఎంత అన్న లెక్కను బట్టి గొలుసు పొడవు ముందే నిర్ణయించవచ్చు. సజీవమైన కొసకు వేరే రకం అణువులను తగిలించి, ఒకే గొలుసులో రెండు మూడు రకాల ముక్కలు పెట్టవచ్చు. ఆయన శిష్యుడు రాల్ఫ్ మిల్కోవిచ్ షెల్ కంపెనీలో ఈ పద్ధతితోనే కొత్త రకం రబ్బరు తయారీకి బాట వేశారు. 1965లో క్రేటన్ పేరుతో బజారుకు వచ్చిన ఆ రబ్బరును కరిగించి మళ్ళీ పోత పోయవచ్చు. చెప్పుల అడుగులకు, జిగురులకు, రోడ్డు తారులో కలపడానికి అది పనికివచ్చింది.

ఇక అంటు పాలిమర్ల సంగతి. నాటు మామిడి మొక్కకు మంచి రకం కొమ్మను అంటు కడితే వేరు బలం దానిది, పండు రుచి దీనిది. అలాగే ఒక పాలిమర్ కాండానికి మరో రకం పాలిమర్ కొమ్మలు అతికిస్తే రెండింటి గుణాలూ ఒకే పదార్థంలో కలుస్తాయి. పాత పద్ధతుల్లో కొమ్మల పొడవు మన చేతిలో ఉండేది కాదు. అంటుకోకుండా విడిగా మిగిలిపోయే గొలుసులు కూడా చాలా ఉండేవి. సజీవ గొలుసులను ముందుగా కోరిన పొడవుకు పెంచి, కొక్కేల వంటి అతుకులున్న కాండానికి తగిలిస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. మరో మార్గం కొమ్మ కొసన కొత్త అతుకు పెట్టి, కొమ్మలతోనే కాండం కట్టడం. 1970లలో దీన్ని అభివృద్ధి చేసినవారిలో మిల్కోవిచ్ ముఖ్యులు. ధన విద్యుదావేశం గల కొసలతో ఇదే సజీవ పద్ధతిని 1984లో జపాను శాస్త్రజ్ఞులు హిగషిమురా, సవమొటో సాధించారు.

ష్వార్ట్స్‌ను 1966లో లండన్ రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకుంది. 1979లో ఉద్యోగ విరమణ చేసి కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో స్థిరపడ్డారు. విరమణ తరువాత పన్నెండేళ్ళకు, 1991లో, జపాను వారి క్యోటో బహుమతి ఆయనను వరించింది. అప్పటికి వయసు ఎనభై రెండు. 2000 ఆగస్టు 4న, తొంభై ఒకటవ ఏట కన్నుమూశారు.

ఆయన చూపింది ఒక్కటే: కొస చేరినంత మాత్రాన గొలుసు చచ్చిపోదు. తేమ, గాలి తగలకుండా కాపాడితే చాలు, మరికొన్ని అణువులు అందగానే మళ్ళీ పెరుగుతుంది. విరమణ ఉత్తర్వు అందుకుని ఇక మనతో పనేముందని ఇంటిపట్టున కూర్చున్న మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మనుమలకు లెక్కలు చెప్పడమో, పొరుగువారి పెన్షన్ కాగితాలు సరిచూడడమో, చేయదగిన పని ఏదో ఒకటి ఎదురుగా ఉంటుంది. కొస సజీవంగా ఉంచుకోవడం మాత్రం మన పని.