ఇంటికి తెచ్చుకున్న భాష

రోజూ జపమాల చెప్పాలని తీర్మానించుకుని వారానికే విడిచిపెడుతున్నారా? అలవాటు నిలవడానికి పట్టుదల ఒక్కటే చాలదనీ, దానికి తగ్గ ఏర్పాటు ఇంట్లో కళ్ళెదుటే ఉండాలనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటున్నారు. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారే ఇందుకు నిదర్శనం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ సవర భాష నేర్వదలచి, తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకరిని ఏకంగా తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఇక పాఠం తప్పించుకునే వీలేది? మన్యం జ్వరాలకు వాడిన క్వినైనుతో వినికిడి పోయింది. మాటను చెవితో పట్టుకోవలసిన మనిషికి ఎంత కష్టం! అయినా మానలేదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది.