దీపం దించిన తరువాత



మీ విచారణలో ఎన్ని ఇళ్ళలో నర్సులున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట పెట్టకుండా గోడకేసి చూస్తూ ఉండిపోయే ఆడపిల్లను మీరు చూసే ఉంటారు. ఏమైందమ్మా అని తల్లి అడిగితే ఏమీ లేదంటుంది. రాత్రి ఆ వార్డులో ఎవరి చేయి పట్టుకుని కూర్చుందో, ఆ చేయి ఎప్పుడు చల్లబడిపోయిందో ఆమె చెప్పదు, మనం అడగం. అటువంటి బిడ్డల కోసం ఈ వారం ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

ఆమె మీకు తెలియనిది కాదు. చేతిలో దీపంతో సైనికుల మంచాల మధ్య నడిచే ఆమె బొమ్మను చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో చూశాం. (నిజానికి అది బొమ్మల్లో కనిపించే నూనె దీపం కాదు, మడతలు పడే తురుష్క లాంతరు.) కాని మన పాఠం ఆ దీపం దగ్గరే ఆగిపోయింది. దీపం దించి ఇంటికి వచ్చిన తరువాత ఆమెకు ఏమైందో ఎవరూ మనకు చెప్పలేదు.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె పుట్టింది. పదహారేళ్ళ వయసులో దేవుడు తనను పిలిచాడని నమ్మింది. ఆ పిలుపుకు ఇంట్లో అంగీకారం దొరకటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సైనికులు దిక్కులేక చనిపోతున్నారన్న వార్తలు లండన్ చేరాయి. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై 38 మంది స్త్రీలతో ఆమె తురుష్క దేశంలోని స్కుటారికి బయలుదేరింది. వారిలో పదిమంది మన కథోలిక మఠకన్యలు. లండన్‌లోని బెర్మండ్సే మఠానికి చెందిన కరుణా సోదరీమణులు, వారి పెద్ద మదర్ క్లేర్ మూర్ ఆ పదిమందిలో ఉన్నారు. నైటింగేల్ ఆంగ్లికన్ సంఘస్థురాలు, చివరిదాకా అలాగే ఉంది. అయినా ఆ యుద్ధభూమిలో ఆమెకు నిజమైన తోడుగా నిలిచింది ఈ కథోలిక మదరే.

స్కుటారి ఆసుపత్రి అంతకు ముందు సైనిక బ్యారక్. దాని కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరిన ప్రతి వందమందిలో 42 మంది చనిపోయారు. ఆ ఒక్క చలికాలంలోనే సుమారు 2,000 మంది చావులను ఆమె దగ్గరుండి చూసిందని అంచనా. పగలు సరుకుల లెక్కలు, అధికారులతో తగవులు. రాత్రి లాంతరుతో వార్డుల్లో తిరుగుడు. ఆ పైన చనిపోయిన కుర్రవాడి తల్లికి ఉత్తరం. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘంవారు కాలువలు శుభ్రం చేయించిన తరువాత మరణాలు బాగా తగ్గాయి. మేలో ఆమే తీవ్ర జ్వరంతో మంచం పట్టి చావు అంచుదాకా వెళ్ళింది. లేచి మళ్ళీ పనిలో దిగింది.

1856 ఏప్రిల్‌లో మదర్ క్లేర్ ఆరోగ్యం చెడి లండన్ తిరిగి రావలసి వచ్చింది. ఆ పదవికి తనకంటె మీరే తగినవారని నైటింగేల్ ఆమెకు రాసింది. ఇతరులను అంత తేలికగా మెచ్చుకునే మనిషి కాదామె!

యుద్ధం ముగిసింది. స్వాగతం పలకటానికి బ్యాండు మేళాలతో, ఊరేగింపులతో ఇంగ్లాండు కాచుకుని ఉంది. ఆమె మాత్రం మారు పేరుతో ఓడ ఎక్కింది. 1856 ఆగస్టు 7 ఉదయం ఒంటరిగా లండన్ చేరి నేరుగా బెర్మండ్సే మఠం గంట మోగించింది. ఆ రోజు మఠంలో వార్షిక రిట్రీటు మొదలైంది. ఆ మౌనంలో, ఏమి చూసి వచ్చావని ఎవరూ అడగని ఆ చోట, ఆమె కొన్ని గంటలు గడిపింది. అక్కడి కన్యలకు అడగవలసిన అవసరమే లేదు. చూడవలసిందంతా వారు ఆమె పక్కనే ఉండి చూశారు. తరువాత రైలెక్కి, స్టేషను నుంచి నడుచుకుంటూ తన ఇంటికి చేరింది.

కాని ఆ కొన్ని గంటల విశ్రాంతి సరిపోలేదు. చనిపోయిన సైనికులను మరువలేనని ఆమె తన కాగితాల్లో పదేపదే రాసుకుంది. సైన్యం లెక్కలు తిరగవేసినప్పుడు మరో నిజం బయటపడింది. ఎక్కువమంది చచ్చింది గాయాలతో కాదు, ఆపగలిగిన రోగాలతో. తాను దగ్గరుండి సేవచేసిన ఆసుపత్రే వారిని చంపిందని తెలిస్తే ఏ నర్సు గుండె నిలుస్తుంది? 1857 ఆగస్టులో ఆమె కుప్పకూలింది. అప్పటికి 37 ఏళ్ళు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు గది దాటకుండా, చాలాకాలం మంచం మీదే గడిపింది. ఒక్కొక్కరిని మాత్రమే లోపలికి రానిచ్చేది. క్రిమియాలో సోకిన జ్వరం తాలూకు దీర్ఘవ్యాధే కారణమని 1995లో ఒక పరిశోధకుడు వాదించాడు. మనసుకు తగిలిన దెబ్బ కూడా ఉందని మరికొందరు అంటారు. రెండూ కలిసే ఉండవచ్చునని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకుండా చెప్పాలి. తాను విశ్రమించనిది ఇతరులనూ విశ్రమించనివ్వలేదు. సిడ్నీ హెర్బర్ట్ మూత్రపిండాల జబ్బుతో కృశించిపోతున్నా సైన్య సంస్కరణల పని పూర్తి చేయమని మంచం మీదినుంచే వెంటపడింది. 1861 ఆగస్టులో అతడు చనిపోయాడు. ఆమె దుఃఖానికి అంతులేకపోయింది. 1868లో మరొక దెబ్బ. ఆమె ఎంతో మెచ్చుకున్న నర్సు ఆగ్నెస్ జోన్స్, లివర్‌పూల్ బీదల ఆసుపత్రిలో వెయ్యిమందికి పైగా రోగుల భారం మోసి, టైఫస్ జ్వరంతో 35 ఏళ్ళకే కన్నుమూసింది.

1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేర ప్రారంభమైన నర్సుల పాఠశాలను ఈ వెలుగులో చూడండి. అక్కడ ప్రతి విద్యార్థినికీ విడి గది. అందరూ కలిసి కూర్చునే హాలు, అందులో పుస్తకాలు, పూలు. వార్డునుంచి వచ్చిన పిల్ల తలుపు వేసుకుని ఏడవటానికైనా ఒక చోటు ఉండాలి కదా! ఏళ్ళు గడిచినకొద్దీ ఆమెలో కాఠిన్యం కరిగింది. నర్సులను ఒక్కొక్కరినీ తన ఇంటికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, వారి మాట వినేది. అలసిపోయినవారికి తిండి పంపేది, విశ్రాంతికి ఏర్పాట్లు చేసేది. స్కుటారిలో తనకు లేనిదంతా వారికి ఇచ్చింది.

మంచం మీదినుంచే మన దేశాన్నీ తలచుకుంది. ఒక్కసారీ ఇక్కడికి రాకపోయినా 1876-78 నాటి మద్రాసు కరువు గురించి రాసింది. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర నీటి పారుదల వాదాన్ని సమర్థించింది.

ఇన్నేళ్ళూ బెర్మండ్సేకు ఉత్తరాలు ఆగలేదు. మదర్ క్లేర్ ఆమెకు కథోలిక ధ్యానయోగుల గ్రంథాలు ఎరువు ఇచ్చేది. ఇద్దరూ వాటి గురించి రాసుకునేవారు. లోకానికంతటికీ సలహాలిచ్చిన ఈ స్త్రీ తన అలసటను, తన ఓటమిని ఆ మదర్‌కు మాత్రం దాచుకోకుండా చెప్పుకుంది. 1874 డిసెంబరులో మదర్ క్లేర్ పరమపదించారు. నైటింగేల్ మరో 35 ఏళ్ళు బ్రతికి 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో మరణించింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామంటే ఆమె కుటుంబం వద్దంది. ఊరి గుడి ఆవరణలో ఉన్న ఆమె రాతిమీద పూర్తి పేరు కూడా లేదు, రెండు పొడి అక్షరాలూ తేదీలూ తప్ప. ఆ ఇద్దరు స్నేహితురాళ్ళ ఉత్తరాలు 1999లో పుస్తకంగా వెలువడ్డాయి.